యువతలో ఫిట్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మూర్ఛ (పదేపదే ఫిట్స్ వచ్చే జబ్బు, ఎపిలెప్సీ) చిన్నపిల్లలకే, యువ వయసులో కొత్తగా రాదు.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వెయ్యి మందిని తీసుకుంటే 4 నుంచి 10 మంది. కొత్తగా మొదలవడం పసితనంలోనూ, పెద్ద వయసులోనూ ఎక్కువ. పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య తక్కువే గానీ, రాదనుకోవడం పొరపాటు.

అపోహ: ఒక్కసారి ఫిట్స్ వస్తే మూర్ఛ ఉన్నట్టే.

జీవితంలో ఎప్పుడో ఒకసారి ఫిట్స్ వచ్చేవాళ్లు నూటికి పది మంది దాకా ఉంటారు. షుగర్ పడిపోయినా, రక్తంలో సోడియం అనే లవణం తగ్గినా, రోజూ తాగే మనిషి మద్యం ఒక్కసారిగా మానేసినా రావచ్చు. అలాంటి తక్షణ కారణమేదీ లేకుండా, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు వస్తే మూర్ఛ అంటాం. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే అదీ మూర్ఛే.

అపోహ: మొన్న పడిపోయిందే మొదటిసారి.

డాక్టరుగా నేను ఎక్కువసేపు కూర్చుని అడిగేది దీని గురించే. "పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే చెయ్యి ఉలిక్కిపడి బ్రష్ ఎగిరిపోతుందా?" అంటే, "అవునండీ, చాన్నాళ్లుగా ఉంది. నిద్రమత్తు అనుకున్నా" అంటారు. పక్కనున్న అమ్మకి ఆ సంగతే తెలియదు. ఇది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే ఇలా కండరాలు ఉలిక్కిపడే ఒక రకం మూర్ఛ కావచ్చు. ఎక్కువగా 12-18 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఈ ఒక్క జవాబుతో ప్రిస్క్రిప్షనే మారిపోతుంది, ఎందుకంటే కార్బమజెపిన్ లాంటి కొన్ని మూర్ఛ మందులు ఆ ఉలికిపాట్లను పెంచగలవు. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) నార్మల్ అని వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కూడా కాదు. ఇంట్లోవాళ్లు ఫోన్లో తీసిన వీడియో చాలాసార్లు నాకు అంతకంటే ఎక్కువ చెబుతుంది.

అపోహ: వంశంలో ఉంటేనే వస్తుంది.

జన్యువులు ఒక కారణం మాత్రమే. మూర్ఛ ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో ఎక్కువమందికి అది రాదు. పుట్టినప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందకపోవడం, మెదడువాపు, మెదడులో చేరిన బద్దెపురుగు లార్వాలు, గడ్డలు కూడా కారణాలే. యువతలో తలకు దెబ్బ ముఖ్యమైనది. గాయం మానిన ఏళ్ల తర్వాత కూడా ఫిట్స్ మొదలవ్వచ్చు. అందుకే హెల్మెట్ గురించి గట్టిగా చెబుతాను.

అపోహ: ఫోన్ ఎక్కువ చూడటం వల్లే వచ్చింది.

మినుకుమినుకుమనే వెలుతురుకి ఫిట్స్ వచ్చేవాళ్లు మూర్ఛ ఉన్నవాళ్లలో నూటికి ముగ్గురు. చాలామందికి అసలు శత్రువులు నిద్ర చాలకపోవడం, వేసుకోవాల్సిన మాత్ర మర్చిపోవడం. ఫోన్ తప్పేమన్నా ఉందంటే, రాత్రి రెండింటిదాకా మేలుకొని ఉంచడమే.

అపోహ: ఆర్నెల్లుగా రాలేదు, మందు ఆపేయొచ్చు.

సరైన చికిత్సతో నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. మందు తగ్గించే ఆలోచన సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకుండా గడిచాకే, అదీ డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతున్న అమ్మాయిలు గర్భం గురించి అనుకోకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆ మందు కడుపులో బిడ్డకి హాని చేయగలదు. అలాగని భయపడి సొంతంగా ఆపేస్తే తల్లికే ప్రాణాపాయం.

అపోహ: నాలుక మింగేస్తారు, నోట్లో చెంచా పెట్టాలి.

నాలుక మింగడం జరగని పని. చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. తల కింద మెత్తనిది పెట్టండి, టైము చూసుకోండి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా అంబులెన్స్ పిలవండి.