చాక్లెట్ కాగితాలు, ఒక పెన్సిలు

మంగళగిరి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు విజయవాడ బస్సెక్కాక మీ నాయనమ్మ మగ్గం గుంటలోంచి, అదే నేసేటప్పుడు నేను కాళ్లు పెట్టుకునే గోతిలోంచి, రెండు చాక్లెట్ కాగితాలు, ఒక పెన్సిలు తీసింది. పెన్సిలు దాచాం.

చిన్నదానా, చేనేత దినోత్సవానికి నువ్వు వేసిన బొమ్మ బాగుంది గానీ, అది రాట్నం, మగ్గం కాదు. తప్పు నీది కాదులే, పెద్దవాళ్లు కూడా ఆ రెండూ కలిపేస్తారు. 1921లో మీ బెజవాడలోనే కాంగ్రెస్ పెద్దలు కూడి దేశమంతా 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించారు. అవి నూలు వడికేవి. మనింటి రాట్నం వడకదు, చిలపల్లో, అంటే చుట్టల్లో వచ్చే మిల్లు నూలుని కండెలనే చిన్న పుల్లలకు చుడుతుంది. కండె పడవలాంటి నాడెలో కూర్చుంటుంది, నాడె పడుగులో, అంటే నిలువు పోగుల మధ్య, అటూ ఇటూ పరిగెత్తి పేక, అంటే అడ్డపోగు, వేస్తుంది. మనం నేసే 80వ నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం) ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ, చిలపలు విప్పి పరిస్తే 67,200 గజాలు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి, తిరిగి దాదాపు మీ ఇంటి దాకా వస్తుంది.

ఇక పెద్దాడి సంగతి. "తాతా, నాకు నేత నేర్పుతావా?" అన్నావు. చూద్దాంలే అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదురా. ఏడో ఏట కండెలు చుట్టాను. పదో ఏట అతుకులకు కూర్చున్నాను. నేత అయిపోయిన పడుగు కొసల్ని పన్నెలో, అంటే మగ్గానికుండే దువ్వెనలో, అలాగే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వాటికి కలపాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలు, చూపుడువేలు మధ్య పోగుని మెలిపెడితే రెండూ ఒకటవుతాయి. ఒక చీర వెడల్పుకి మూడువేల పైచిలుకు పోగులు. ఒక్కటి తప్పిందా, చీర పొడవునా గీత పడుతుంది. పన్నెండో ఏట మా నాన్న జ్వరంతో పడుకుంటే గుంటలోకి దిగాను. కాళ్లు తొక్కుడు చెక్కలకు సరిగ్గా అందేవి కావు. అలా నేసిన మొదటి చీరలో గీత ఉందని షావుకారు కూలి కోశాడు. నాన్న నన్నేమీ అనలేదు. బడికి మాత్రం మళ్లీ పంపలేదు.

మన ఇళ్లలో పని అలాగే చేతులు మారింది, పిల్లల బడి మింగి. అందుకే మీ నాన్నని గుంట దరిదాపులకు రానివ్వలేదు. దానికి నాకు పశ్చాత్తాపం లేదు. కాకపోతే నిచ్చెన కింది మెట్లు నేనే విరగ్గొట్టాను. ఇప్పుడు నేర్చుకునేవాడు మీసాలొచ్చాక రావాలి. చెయ్యి తిరగడానికి ఏడాదైనా పడుతుంది, అన్నాళ్లూ వాడికి అన్నం ఎవరు పెడతారు? నేర్చుకునే రోజులకు కూడా కూలి ఉంటే వస్తారు. సభల్లో మాత్రం "యువత ముందుకు రావాలి" అని చెప్పి మాకు శాలువాలు కప్పుతారు. నాకు కప్పింది పవర్‌లూమ్‌ది, కరెంటు మగ్గం మీద నేసింది. చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది, నవ్వొచ్చింది.

కాబట్టి పెద్దాడా, ముందు పదో తరగతి కానియ్యి. అప్పటికీ మనసు మారకపోతే వెంకటగిరిలో మన నిడుబ్రోలు చేనేత నాయకుడు ప్రగడ కోటయ్యగారి పేరు మీద చేనేత విద్యాసంస్థ ఉంది. డిప్లొమా ఇస్తారు. రంగులూ, డిజైన్లూ, లెక్కలూ అక్కడ నేర్పుతారు. నాకు ఆ లెక్కలు ఇప్పటికీ వేళ్ల మీదే.

ఈలోగా సెలవుల్లో రండి. దసరా నాటికి ఇప్పుడున్న పడుగు అయిపోతుంది, అతుకుల పని ఉంటుంది. గుంటలో కూర్చోబెడతానని ఆశపడకండి, మొదట బూడిద దగ్గరే. వచ్చేటప్పుడు గోళ్లు తీసుకుని రండి, గరుకు గోరు తగిలితే పోగు తెగుతుంది. చిన్నదాని గోళ్లు మీ అమ్మని తియ్యమనండి, తనంతట తను తీసుకుంటే సగమే తీస్తుంది.

మీ తాతయ్య