లేత్ స్పీడు ఎంత పెట్టాలి అని అడిగారు కదా

పిల్లలూ,

"లేత్ ఎంత స్పీడులో పెట్టాలి తాతయ్యా?" అని ఒక్క ముక్కలో అడిగేసి ఊరుకున్నారు. చెక్కని గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి చెక్కే యంత్రం అది, దాని స్పీడు ఎవరైనా ఒక్క ముక్కలో చెప్తే నమ్మకండి. చెక్క ఎంత వెడల్పు, ఎలా బిగించారు, పగుళ్లేమైనా ఉన్నాయా అని తిరిగి అడగకుండా నేనైతే అంకె చెప్పను.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని వినండి. ఒకరోజు చీకటి పడేదాకా 2 అంగుళాల లావు చెక్కలతో ఉలులకి పిడులు చేశాను. లేత్ 2500 ఆర్పీఎమ్‌లో ఉంది, అంటే నిమిషానికి 2500 చుట్లు. మర్నాడు పొద్దున్నే గిన్నె చేద్దామని 10 అంగుళాల మొద్దు బిగించి, స్పీడుని మార్చే బెల్టు ఏ పుల్లీ (చక్రం) మీద ఉందో కూడా చూసుకోకుండా స్విచ్ నొక్కేశాను. లేత్ మొత్తం గడగడా ఊగిపోయింది, బల్ల మీది ఉలులు దొర్లి కింద పడ్డాయి, ఆఫ్ చేసేలోపే మొద్దు దాన్ని పట్టి ఉంచే చక్‌లోంచి ఊడి ఎదురు గోడకి కొట్టుకుంది. అరచేయంత పెచ్చు ఊడింది. స్విచ్ ఎడమ పక్కన ఉండబట్టి ఆ క్షణాన నేను మొద్దుకి ఎదురుగా లేను, బతికిపోయాను. అందులో నా జాగ్రత్త ఏమీ లేదు.

మరి అదే 2500 ముందురోజు ఏమీ చేయలేదే? చూడాల్సింది చుట్లు కాదు, అంచు ఎంత జోరుగా పోతోందన్నది. 2500 దగ్గర 2 అంగుళాల పిడి అంచు గంటకి 24 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అదే చుట్లకి 10 అంగుళాల మొద్దు అంచు దాదాపు 120 పోతుంది. పైగా స్పీడు రెండింతలైతే చెక్కని బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. ఆ మొద్దుకి 700 సరిపోయేది. 2500లో పెట్టానంటే ఆ లాగుడుని పన్నెండు రెట్లకు పైగా పెంచానన్నమాట. పట్టుకోవాల్సింది మాత్రం చక్‌కి ఉన్న ఆ నాలుగు దవడలే.

లేత్ మీద చెక్క పని చేసేవాళ్లలో ఒక లెక్క వాడుకలో ఉంది. చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో కొలిచి, 6000ని దానితో భాగిస్తే కింది హద్దు, 9000ని భాగిస్తే పై హద్దు. 10 అంగుళాలకి 600 నుంచి 900, 3 అంగుళాలకి 2000 నుంచి 3000. గుండ్రంగా ఉండి, బరువు అన్ని వైపులా సమంగా ఉండి, పగుళ్లు లేని చెక్కకే ఈ లెక్క. వంకర మొద్దుకి కింది హద్దు కూడా ఎక్కువే. సన్నగా పొడుగ్గా ఉన్న కర్ర అయితే మధ్యలో కొరడాలా ఊగుతుంది, దానికీ తగ్గించాల్సిందే. మీ లేత్‌తో వచ్చిన పుస్తకంలో ఇంకా తక్కువ హద్దు రాసి ఉంటే అదే మీ హద్దు.

అలాగని ఎప్పుడూ అడుగు స్పీడులోనే పెడతానంటే అదీ కుదరదు. సన్నటి పిడి మరీ నెమ్మదిగా తిరుగుతుంటే ఉలి సాఫీగా తెగదు, మీరు విసుక్కుని గట్టిగా నొక్కుతారు, అప్పుడు ఉలి చెక్కలో చిక్కుకుంటుంది. గిన్నె లోపల తొలిచేటప్పుడు ఇంకో తమాషా ఉంది: నడిమధ్యలో చెక్క దాదాపు కదలదు కాబట్టి ఉలి సరిగా తెగట్లేదనిపించి చెయ్యి స్పీడు బటన్ వైపు పోతుంది. పెంచకండి, అంచు అక్కడే ఉంది, దాని జోరు తగ్గలేదు. ఉలికి సాన పట్టుకుని రండి.

ఇక మీరు ఫొటో పంపిన మొద్దు సంగతి. 8 అంగుళాలు, ఒక పక్క బెరడు, అవునా? లెక్క ప్రకారం 750 నుంచి 1125 వస్తుంది, దాన్ని మర్చిపోండి. వదులుగా ఉన్న బెరడు ముందే కొట్టేయండి, మధ్యదాకా పగులు కనిపిస్తే ఆ మొద్దు పక్కన పడేయండి. బాగుంటే బిగించి, మొద్దుని రెండో వైపు నుంచి ఆపే టెయిల్ స్టాక్ ఆనించి, చక్‌ని బిగించే తాళంచెవి తీసేసి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కి ఎక్కడా తగలట్లేదని చూడాలి. ముఖమంతా కప్పే ఫేస్ షీల్డ్ పెట్టుకోండి, మామూలు కళ్లద్దాలు చాలవు. గ్లవ్స్, వదులుగా ఉన్న చొక్కా చేతులు, వేలాడే జుట్టు లేత్ దగ్గరికి రాకూడదు. స్పీడు అన్నిటికంటే కిందికి దించి, మొద్దుకి పక్కగా నిలబడి ఆన్ చేసి మెల్లిగా పెంచుకుంటూ పోతే ఒకచోట లేత్ వణకడం మొదలవుతుంది. అక్కడి నుంచి కొంచెం కిందికి దించితే వణుకు ఆగుతుంది చూశారా, ఇవాళ్టికి అదే మీ స్పీడు. మొద్దు గుండ్రంగా వచ్చాక మళ్లీ పెంచుకోవచ్చు. ఉప్పుకాగితం పట్టేటప్పుడు మళ్లీ తగ్గించండి, లేకపోతే వేడెక్కి చెక్కకి సన్నటి చీలికలు వస్తాయి.

ఇదంతా చదివేశాం కదా అని మీరే మొదలుపెట్టకండి. మొద్దు బిగించి ఉంచండి, మొదటిసారి స్విచ్ నొక్కేటప్పుడు నేను పక్కనుంటాను.

మీ తాతయ్య