బెలుం చీకట్లో ఫొటో తీయాలంటే

బెలుం గుహల్లోకి దిగగానే చాలామంది ఫోన్ తీసి ఫ్లాష్ కొడతారు. ఎదురుగా ఉన్న రాయి తెల్లగా వెలిసిపోతుంది, వెనకున్న దారంతా నల్లగా మిగిలిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోవడమే ఇందుకు కారణం. 2 మీటర్ల దూరంలోని గోడకు అందే వెలుగులో, 20 మీటర్ల అవతలి గోడకు అందేది నూరో వంతే. అందుకే గుహ ఎంత పెద్దదో ఫొటోలో తెలియదు.

నిజానికి ఇది చాలా పెద్దది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన నేల కింద 3,229 మీటర్ల పొడవున సాగుతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీన్ని గుర్తించి రాశాడు. 1982-83లో గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడి బృందం లోపలంతా తిరిగి కొలిచింది. ఇప్పుడు మనం చూడగలిగేది ఒకటిన్నర కిలోమీటరు. గుహలో అన్నిటికన్నా లోతైన చోటైన పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు.

మసక వెలుతురుకు మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది. అప్పుడు కూడా మరీ తక్కువ వెలుతురులో మనకు రంగులు సరిగ్గా తెలియవు. ఆ పరిస్థితిలో పనిచేసే కణాలు రంగుల తేడా పట్టలేవు. కెమెరాకు ఆ ఇబ్బంది లేదు. షట్టర్ 15 సెకన్లు తెరిచి ఉంచితే అంతసేపూ పడిన వెలుగును కూడబెట్టి, కంటికి బూడిద రంగులో కనిపించిన గోడలో పసుపు, ఎరుపు చూపిస్తుంది. ఫోన్‌లోని నైట్ మోడ్‌ది దాదాపు ఇదే దారి. వరసగా తీసిన చాలా ఫ్రేములను కలుపుతుంది. 16 ఫ్రేముల సగటు తీస్తే ఫొటోలో కనిపించే గరుకు, అంటే నాయిస్, సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. చెయ్యి కదలకూడదు, అంతే. ట్రైపాడ్‌కు అనుమతి ఉందో లేదో టికెట్ కౌంటర్‌లోనే అడగండి. లేకపోతే ఫోన్‌ను రెయిలింగ్‌కు ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి.

వెలుగు ఎంత ఉందన్న దానికంటే ఎటునుంచి వస్తోందన్నదే నాకు ముఖ్యం. నీరు సుళ్లు తిరుగుతూ పారిన సున్నపురాయి గుహల్లో గోడ మీద చెంచాతో గీకినట్టు నొక్కులు పడతాయి. నొక్కులు చిన్నవైతే అక్కడ నీరు వేగంగా పారిందని, పెద్దవైతే నెమ్మదిగా పారిందని అర్థం. ఒక్కో నొక్కులో నిటారుగా ఉండే అంచు నీరు వచ్చిన దిక్కున ఉంటుంది. అంటే ఎప్పుడో ఎండిపోయిన ప్రవాహం ఎటు నుంచి ఎటు పోయిందో గోడ చూసి చెప్పొచ్చు! ఎదురుగా ఫ్లాష్ కొడితే నీడలు కెమెరాకు కనపడవు, ఈ సమాచారమంతా పోతుంది. టార్చిని పక్క నుంచి, గోడకు దాదాపు సమాంతరంగా పట్టుకోండి. ప్రతి నొక్కుకూ నీడ పడి దాని ఆకారం తేలుతుంది. కొంచెం దూరంలో ఒక మనిషిని నిలబెడితే కొలత కూడా తెలుస్తుంది.

1866లో చార్లెస్ వాల్డాక్ అమెరికాలోని మామత్ గుహలో ఫొటోలు తీసినప్పుడు కరెంటు దీపాల్లేవు. మెగ్నీషియం కాల్చి ఆ వెలుగులో తీశాడు. అంత చీకట్లో, అంత పొగలో ఆయన పడ్డ శ్రమ తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

బెలుం లోపల ఉక్కపోత ఎక్కువ. చల్లటి ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి తీసుకెళితే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కెమెరాను కాసేపు బయట బ్యాగులోనే ఉంచండి. అలాగే ఫ్లాష్ పక్కనే మీ ఊపిరి వదిలితే, ఆ ఆవిరి బిందువులు ఫొటోలో తెల్లటి మచ్చలవుతాయి.

ఫొటోలు బాగా రావడానికి గుహల్లో ఇంకా లైట్లు పెట్టాలనే మాట వింటుంటాను. నేను ఒప్పుకోను. ప్రపంచంలో చాలా గుహల్లో, ఎప్పుడూ వెలిగే దీపాల చుట్టూ రాళ్ల మీద నాచు, పాచి పెరుగుతున్నాయి. అవి వదిలే ఆమ్లాలు రాతి పైపొరను తినేస్తాయి, కడిగినా మళ్లీ మొలుస్తాయి. మనుషులు వచ్చినప్పుడే వెలిగి, వెళ్లగానే ఆరిపోయే లైట్లు చాలు. తగ్గిన వెలుగును షట్టర్ ఇంకో 10 సెకన్లు తెరిచి రాబట్టుకోవచ్చు.