నాలుకా వింటుంది

ఒకసారి 'ద' అని, వెంటనే 'డ' అనండి. మొదటిదానికి నాలుక కొస పైపళ్ళకి తగులుతుంది. రెండోదానికి వెనక్కి మడతపడి అంగిలిని కొడుతుంది. ఇప్పుడు నాలుక కొసని కింది పళ్ళకి అదిమిపెట్టి మళ్ళీ అనడానికి ప్రయత్నించండి. రెండూ సరిగా రావు. అందులో వింతేమీ లేదనుకోండి. కానీ ఇంకా ఒక్క మాట కూడా రాని ఆరు నెలల పాప నాలుకని ఇలాగే కదలకుండా చేస్తే, ఆ పాపకి ఈ రెంటి తేడా వినపడటం కూడా కష్టమవుతుంది!

కెనడాలో జానెట్ వెర్కర్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఇంట్లో ఇంగ్లీషే వినే పసిపిల్లలకి హిందీలోని ఈ రెండు శబ్దాలూ వినిపించారు. ఇంగ్లీషులో ఈ తేడా లేకపోయినా ఆ వయసు పిల్లలు మామూలుగా పసిగట్టేస్తారు. నోట్లో నాలుక కొసని అడ్డుకునే బల్లపరుపు టీథర్ (పళ్ళొచ్చే పిల్లలు కొరకడానికిచ్చే బొమ్మ) పెట్టినప్పుడు మాత్రం పసిగట్టలేదు. నాలుకకి అడ్డురాని ఇంకో రకం టీథర్ పెడితే ఇబ్బంది లేకపోయింది.

కంటిదీ ఇదే కథ. 'బ' అనే శబ్దం వినిపిస్తూ, తెరమీద 'గ' అంటున్న మనిషి ముఖం చూపిస్తే చాలామందికి 'ద' అని వినిపిస్తుంది. మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1976లో బయటపెట్టిన తమాషా ఇది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ'యే.

మాటని మెదడు ఇలా చెవితో, కంటితో, చర్మంతో, కండరాలతో కలిపి పట్టుకుంటుంది కాబట్టే, స్పీచ్ థెరపిస్టులు చెవి ఒక్కదాన్నే నమ్ముకోరు. (ఆ చెవిని ముందు పరీక్ష చేయించాలి. మధ్యచెవిలో నీరు చేరి మాటలు ముద్దగా వినపడే పిల్లలు చాలామందే ఉంటారు.)

కాకిని 'తాతి' అనే నాలుగేళ్ళ పిల్లాణ్ణి తీసుకోండి. "తాతి కాదమ్మా, కాకి అను" అని ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటారు. వాడు వందసార్లూ ఎంతో బుద్ధిగా 'తాతి' అనే ఉంటాడు. నాలుకని ఎక్కడ తగిలించాలో వాడికి ఎవరూ చూపించలేదు మరి. థెరపిస్ట్ వాణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టి, నాలుక కొసని ఒక సన్నటి చెక్కపుల్లతో మెల్లగా కిందికి నొక్కి, 'త' అనమంటారు. కొస లేవదు. గాలిని ఆపాలంటే నాలుక వెనక భాగమే లేవాలి. లేస్తుంది, 'క' ఊడిపడుతుంది. "ఎక్కడ తగిలింది?" అని అడిగితే వాడు ఆశ్చర్యంగా గొంతువైపు చూపిస్తాడు. ఆ తగిలిన చోటు గుర్తుండిపోవడమే అసలు పాఠం. తర్వాత పుల్ల తీసేస్తారు, అద్దం తీసేస్తారు, 'క' నుంచి 'కా'కి, 'కా' నుంచి 'కాకి'కి వస్తారు. దీనికి వారాలు పట్టొచ్చు.

'ప'కి అరచేతి మీద గాలి తగలడం, 'మ'కి ముక్కు మీద వేలు పెడితే అదరడం, 'క', 'గ'ల తేడాకి గొంతు మీద చెయ్యి వేసి చూసుకోవడం, అన్నీ ఇలాంటివే. ఏం పలకాలో తెలిసినా నోటి కదలికల వరస కుదరని పిల్లలు కొందరుంటారు. దీన్ని అప్రాక్సియా అంటారు. వీళ్ళతో థెరపిస్ట్ తనూ ఆ మాటే అంటూ, పిల్లల దవడనీ పెదవులనీ వేళ్ళతో తాకి దారి చూపిస్తారు. వరస కుదిరేకొద్దీ ఆ చెయ్యి వెనక్కి తగ్గుతుంది.

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. పేచీ అంతా మాటతో సంబంధం లేని కసరత్తులతోనే. బూరలు ఊదించడం, బుగ్గలు పూరించడం, నాలుక చాపి అటూ ఇటూ ఆడించడం. 2008లో వచ్చిన ఒక సర్వేలో అమెరికా స్పీచ్ థెరపిస్టుల్లో 85 శాతం మంది ఇలాంటివి వాడుతున్నామన్నారు. వీటితో ఉచ్చారణ మెరుగవుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. బట్టలు పిండే వేళ్ళే వీణ మీటుతాయి. అంతమాత్రాన బట్టలు పిండితే వీణ రాదు కదా. కండరాలు అవే అయినా, ఊదడానికీ మాట్లాడటానికీ మెదడు వాటిని వేరువేరుగా నడిపిస్తుంది.

పిల్లల్ని ఉయ్యాల ఊపడం, ఒంటిమీద బ్రష్షు రాయడం, బరువు దుప్పటి కప్పడం లాంటి సెన్సరీ థెరపీల సంగతి ఇంకాస్త చిక్కు. జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా శిక్షణ ఇచ్చేవారు) 1960, 70 దశకాల్లో సెన్సరీ ఇంటిగ్రేషన్ అనే ఆలోచనని నిలబెట్టారు. స్పర్శ, ఒంటి బ్యాలెన్స్, కీళ్ళూ కండరాల నుంచి వచ్చే కబుర్లు మెదడులో సర్దుకోకపోతే నేర్చుకోవడం కష్టమవుతుందని ఆమె వాదం. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మిక్సీ చప్పుడో, చొక్కా కాలర్ లేబులో భరించరానంత బాధ పెడుతుందన్నది నిజమే. 2013 నుంచి అమెరికన్ వైద్యుల నిర్ధారణ ప్రమాణాల్లో ఈ లక్షణం చేరింది కూడా. అలాంటి పిల్లవాడికి గది నిశ్శబ్దంగా ఉంటే టెన్షన్ తగ్గి, ఎదుటి మనిషి మీద ధ్యాస నిలుస్తుంది. అయితే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పిందేమిటంటే, సెన్సరీ థెరపీలని మొత్తం చికిత్సలో ఒక భాగంగా వాడుకోవచ్చు గానీ, వాటి మీద పరిశోధన ఇంకా పరిమితమేనని తల్లిదండ్రులకి చెప్పాలని.

ఉయ్యాల ఊగితే మాటలొస్తాయా అని నన్నడిగితే, ఊగుతున్నంతసేపూ రావంటాను. మంచి థెరపిస్ట్ ఉయ్యాలని నాలుగుసార్లు ఊపి, ఐదోసారి పట్టుకుని ఆపేస్తారు. ఏమీ అనరు. పాప ముఖంలోకి చూస్తూ ఊరుకుంటారు. పక్కన కూర్చున్న అమ్మకి ఆ పది సెకన్లు పది నిమిషాల్లా ఉంటాయి, "ఊపు అను, ఊపు అను" అని అందించేయాలనిపిస్తుంది. పాప తాడు వైపు చూస్తుంది, థెరపిస్ట్ వైపు చూస్తుంది, కాళ్ళు ఆడిస్తుంది. చివరికి 'ఊ' అంటుంది. 'పు' దాకా రాలేదు. ఆ 'ఊ'కే ఉయ్యాల కదులుతుంది.