చక్రం పైన ఖాళీ ఊరికే వదల్లేదు

పికప్ ట్రక్ పక్కన గొంతుక్కూర్చుని, టైరుకీ, దాని మీదుండే రేకు ఫెండర్‌కీ మధ్య అరచెయ్యి దూర్చి "బోలెడు గ్యాప్ ఉంది, బండి బాడీని నాలుగంగుళాలు కిందకి దించేయొచ్చు" అనేస్తారు చూడండి, గొడవంతా అక్కడే మొదలవుద్ది. ఆ గ్యాప్ బండి ఆగి ఉన్నప్పటిది. గుంటలో పడితే చక్రం పైకి లేవాలి కదా, దానికోసం ఉంచిన చోటు అది.

అమెరికాలో ఎక్కువగా దించే బండ్లలో 1988-98 షెవీ (షెవర్లే) సీ1500 పికప్ ఒకటి, టూ వీల్ డ్రైవ్‌ది, అంటే ఇంజిన్ వెనక చక్రాల్నే తిప్పేది. దాన్ని "ఫోర్ సిక్స్ డ్రాప్" చేశాం అంటుంటారు, అంటే ముందు 4 అంగుళాలు, వెనక 6. వెనక ఎందుకు ఎక్కువంటే, సరుకేస్తే కుంగుతుందని కంపెనీ వాళ్ళే ఆ వైపు ఎత్తుగా పెడతారు, ఖాళీ బండి ముక్కు కిందకేసి తోకెత్తినట్టు ఉంటది.

ఆ 6 అంగుళాలు దించే పద్ధతి నాకు భలే నచ్చుద్ది. కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) మామూలుగా వెనక యాక్సిల్ పైన కూర్చుంటాయి, వాటిని యాక్సిల్ కిందకి మార్చేస్తారు, ఫ్లిప్ కిట్ అంటారు దీన్ని. యాక్సిల్ గొట్టం మందం, కట్ట మందం కలిపితే ఎంతో సుమారు అంత దిగిపోద్ది, కట్ట మెత్తదనం ఏం మారదు. కానీ యాక్సిల్ చాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) బాగా దగ్గరకొచ్చేసింది కాబట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు ఢాం అని ఇనుముకి ఇనుము తగులుద్ది, నడుం విరిగినంత పని. అందుకే ఆ చోట చాసిస్‌ని సీ అక్షరంలా కోసి, బలం పోకుండా మందపాటి ప్లేట్ బిగిస్తారు, అదే సీ నాచ్.

ముందు వైపు చవక దారి కాయిల్ స్ప్రింగ్ (చుట్టల స్ప్రింగు) చుట్లు కొన్ని కోసెయ్యడం. పనిచేసే చుట్లు 10 ఉంటే 2 కోశారనుకోండి, అదే బరువు 8 చుట్ల మీద పడుద్ది, స్ప్రింగ్ 25 శాతం గట్టిపడి ఎడ్లబండిలా ఎగిరెగిరి పడుద్ది. అంతకంటే డ్రాప్ స్పిండిల్ మేలు. దాంట్లో చక్రం బిగించే ఇరుసు 2 అంగుళాలు పైన ఉంటది, చక్రం నేల మీదే ఉంటది కాబట్టి దిగేది బండే, చక్రాన్ని చాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల కోణాలు కదలవు. మిగతా 2 అంగుళాలకి పొట్టి స్ప్రింగులు, ఆ తర్వాత చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ తప్పదు.

ఇక టైరు. సైజులో మొదటి అంకె వెడల్పు మి.మీ.లో, రెండోది టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. పాత 235/75 ఆర్15 ఎత్తు దాదాపు 733 మి.మీ., దాని బదులు వేసే 275/40 ఆర్20 ఎత్తు 728. రిమ్ము ఎంత పెద్దదైనా ఎత్తు పెరగలేదు, పెరిగింది వెడల్పు, 40 మి.మీ. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము మధ్య గీత నుంచి బోల్టులు బిగించే చోటుకి ఉండే దూరం, మారకపోతే లోపలికి 20, బయటికి 20 వస్తది. నేరుగా పోతున్నంతసేపూ ఏం తెలీదు, ఇంటి డ్రైవ్‌వేలోకి స్టీరింగ్ మొత్తం తిప్పి ఒక చక్రం అంచెక్కించినప్పుడు మాత్రం గర్రుమంటది, ఎందుకంటే చక్రం పైకి లేవడం, పక్కకి తిరగడం రెండూ ఒకేసారి జరిగేది అప్పుడే. అందుకే తెలిసినోళ్ళు కాయిల్ స్ప్రింగ్ తీసేసి, ఉత్త చక్రాన్ని జాకీతో బంప్ స్టాప్ రబ్బరు (చక్రం ఇంకా పైకి లేవకుండా ఆపేది) తగిలేదాకా లేపి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, చుట్టూ వేలు దూరుతుందో లేదో చూస్తారు.