ఉల్కలో వజ్రం ఉందా అని రాయి పగలగొట్టే ముందు

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో జియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎవరికి నల్లరాయి దొరికినా "సార్, ఇది పైనించి పడిందంట, లోపల వజ్రం ఉంటదంట గదా" అంటూ తెస్తారు. చాలాసార్లు అది ఇనప చిట్టెమే. మొన్న ఒకాయన తెచ్చిన రాయి అప్పటికే సుత్తి దెబ్బలకి నాలుగు ముక్కలైంది, చూసి ప్రాణం ఉసూరుమంది.

అపోహ: మండుతూ పడేటప్పుడు ఆ వేడికి లోపలి కార్బన్ వజ్రమవుతుంది.

కాదండీ. ఆ మంట ఉండేది కొన్ని సెకన్లే. కరిగేది పైపొర ఒక్కటే, అది చల్లారి మిల్లీమీటరు అటూ ఇటూ మందాన నల్ల పెంకులా మిగులుతుంది. వజ్రం కావాలంటే దెబ్బ పడాలి. రెండు గ్రహశకలాలు ఢీకొన్నప్పుడో, పెద్ద ఇనప ఉల్క నేలను గుద్దినప్పుడో గ్రాఫైట్ రూపంలో ఉన్న కార్బన్ ఒక్కసారిగా నలిగి క్షణంలో వజ్రంగా మారుతుంది. అరిజోనాలో దొరికిన కాన్యన్ డయాబ్లో ఇనప ఉల్కను 1891లో కోయబోతే ఒకటిన్నర రోజు పట్టింది, ఉలులు పాడైపోయాయి, చూస్తే లోపల నల్లటి వజ్రపు రేణువులు. అదే ఉల్కలో వజ్రానికి తోబుట్టువు లాంటి లాన్స్‌డేలైట్‌ని 1967లో గుర్తించారు. అందులోనూ కార్బనే, పరమాణువులు పేర్చిన తీరు వేరు.

అపోహ: ఉంటే ఉంగరంలో పొదిగేంత ఉంటుంది.

మా క్వారీలో రాయి కోసే వైర్ సా తీగ మీద పూసల్ని వేలితో తడిమితే గరగరలాడుతుంది, అది వజ్రపు రజను. ఉల్కల్లో చాలా వజ్రాలు ఆ రజను కంటే కూడా ఎంతో చిన్నవి. 1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కలో 1987లో బయటపడినవి రెండు మూడు నానోమీటర్లే, అంటే ఒక్కో రేణువులో వెయ్యో రెండు వేలో పరమాణువులు. కానీ వాటిలో చిక్కుకున్న జెనాన్ వాయువులో ఐసోటోపుల (అదే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) పాళ్లు మన సౌరకుటుంబం పాళ్లతో సరిపోలవు, అంటే వాటిలో కొన్నైనా సూర్యుడి కంటే ముందే పుట్టి ఉండాలి. నాకైతే ఏ ఉంగరం రాయీ దీనికి సాటి రాదు.

ఇక వజ్రకరూరు వజ్రాల్లా అన్ని వజ్రాలూ లోతుల్లోనే పుడతాయన్నదీ పూర్తిగా నిజం కాదు. 2008లో సూడాన్‌లో రాలిన అల్మహతా సిత్తా ఉల్కలోని వజ్రాలు ఏదో గ్రహగర్భంలో పుట్టాయా, ఢీకొన్న దెబ్బకా అని ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

నెల్లూరు పేరుతోనే ఒక ఉల్క ఉంది, 1852లో పడింది, సాధారణ కాండ్రైట్ అనే రాతి ఉల్క రకం. ఆ రకంలో ఎక్కువగా ఉండేది ఆలివీన్, పైరాక్సీన్ అనే ఖనిజాలు, కాస్త ఇనుము. మీకు అలాంటి రాయి దొరికితే సుత్తి, యాసిడ్ దగ్గరికి రానీయకండి. పడిన చోటే ఫొటో తీసి, పొడి గుడ్డలో చుట్టి, జియలాజికల్ సర్వే వాళ్లకి కబురు చేయండి.