ఒక కంపానికి రెండు అంకెలెందుకు?

భూమి కాస్త అదిరిందంటే చాలు, విశాఖలో ఫోన్ల నిండా దాని తీవ్రత చెప్పే రెండు అంకెలు తిరుగుతాయి. ఢిల్లీలోని భూకంప సంస్థది ఒకటి, అమెరికా సంస్థది ఇంకొకటి. కాసేపటికి అందులో ఒకటి మారుతుంది. ఇక ‘ఏదో దాస్తున్నారు’ అనే గోల మొదలవుతుంది.

రిక్టర్ స్కేలు కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నా లెక్కలో అసలు మలుపు మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ భూకంపం, 1997 మే 22.

అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో భద్రాచలం చెబుతుంది. 1969 ఏప్రిల్ 13న అక్కడ వచ్చిన భూకంపం తీవ్రత ఒక పట్టికలో 5.7, మరో పట్టికలో 5.3. చూడ్డానికి చిన్న తేడానే, శక్తిలో మాత్రం దాదాపు నాలుగు రెట్లు!

1993 లాతూర్ విషాదం తర్వాత దేశంలో బ్రాడ్‌బ్యాండ్ భూకంప పరికరాలు (నెమ్మది కదలికల్నీ వేగంగా వచ్చేవాటినీ రెంటినీ పట్టేవి) పెట్టడం మొదలైంది. జబల్‌పూర్ కంపించే నాటికి కొన్ని పనిలోకి వచ్చాయి. దాంతో పరికరం గీసిన గీత ఎంత ఎత్తు లేచిందో చూసి ఊరుకోకుండా, నమోదైన తరంగం మొత్తాన్నీ కంప్యూటర్ గీసిన తరంగం పక్కన పెట్టారు. లోతు, పగులు దిక్కు, దాని వాలు, రాయి జారిన వైపు... రెండు గీతలూ దాదాపు కలిసేదాకా వీటిని మార్చుకుంటూ పోవాలి. అలా తేలినవే 5.8 తీవ్రత, దాదాపు 35 కిలోమీటర్ల లోతు. ఈ పద్ధతిలో పగులు వైశాల్యం, జారిన దూరం, రాతి గట్టిదనం కలిసి అంకెను తేలుస్తాయి. నిమిషాల్లో వచ్చే మొదటి అంకెకు అంత సమాచారం ఉండదు. ఆ తర్వాత అది మారితే కుట్ర ఎక్కడుంది?

మనవాళ్లకు బాగా గుర్తున్నది 2014 మే 21. రాత్రి పది కావస్తుండగా బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చింది. అపార్ట్‌మెంట్ల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీద దిగారు. లిఫ్ట్ దగ్గరికి ఎవరూ పోలేదు. దాదాపు 50 కిలోమీటర్ల లోతున రాయి పక్కకు జారిందని తరంగాలు చెప్పాయి. రాయి పక్కకు జారితే సునామీ భయం తక్కువే; దానికి కావాల్సింది సముద్రపు అడుగు పైకో కిందికో కదలడం.

చిక్కు అక్కడితో తీరలేదు. పగులు ఏ తలం వెంట వచ్చిందో తరంగాలు ఒక్కటిగా చెప్పవు, ఎప్పుడూ రెండు తలాలను చూపిస్తాయి. ఏది అసలుదో తరచూ తర్వాతి ప్రకంపనలే తేల్చాలి. వాటిని పట్టడానికి నడిసముద్రంలో చుట్టూ స్టేషన్లు ఎక్కడివి?

2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వచ్చింది, అదీ భద్రాచలం ఉన్న గోదావరి లోయలోనే. లోతు 40 కిలోమీటర్లని ప్రకటించారు. ఆ లెక్క అటూఇటూ ఎన్ని కిలోమీటర్లు తేడా పడొచ్చో ఆ పక్కనే వేస్తే సగం గొడవ తగ్గేది.